కొననివాడికీ కుర్చీ వేయి

అమ్మలూ,

పెద్ద కాఫీ కంపెనీలో ఉద్యోగం వచ్చిందనీ, జనం కంపెనీని తిట్టినప్పుడు జవాబు రాసే విభాగంలో వేశారనీ మీ నాన్న చెప్పాడు. "బాబాయ్, ముప్పై ఏళ్లు కాఫీ హోటల్ నడిపావు కదా, నాకు నాలుగు మాటలు చెప్పు" అని నువ్వు అడిగిన దగ్గర్నుంచీ నాకు ఇదే ఆలోచన. ఇవి మీ ఆఫీసులో చదివి వినిపిస్తే వ్యాపారం తెలిసినవాళ్లంతా తలకిందుల సలహాలంటారు. తెనాలి స్టేషన్ ఎదురుగా గల్లా మీద కూర్చున్న రోజుల్లో పక్క హోటళ్లవాళ్లు నన్నూ అదే మాట అన్నారు. అప్పుడు మార్చుకోలేదు, ఇప్పుడూ మార్చుకోను.

ఉదాహరణలన్నీ స్టార్‌బక్స్ నుంచే తీసుకున్నాను. నువ్వు చేరింది వేరే కంపెనీ కాబట్టి మొహమాటం లేకుండా చదవగలవు. 1971లో సియాటెల్‌లోని పైక్ ప్లేస్ మార్కెట్ దగ్గర వేయించిన గింజలమ్మే కొట్టుగా మొదలైన సంస్థ అది. హోవార్డ్ షుల్ట్జ్ 1987లో కొన్నాక దేశదేశాలకూ పాకింది. దాన్ని చెడ్డ కంపెనీ అని నేననుకోను. పూర్తి రోజు పనిచేయనివాళ్లకు కూడా 1988లోనే ఆరోగ్య బీమా ఇచ్చింది. మన వైపు ఏ హోటల్ యజమాని ఇచ్చాడు? నేనూ ఇవ్వలేదు, ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అంత చేసినవాళ్ల మీద ఇన్ని నిందలు ఎందుకు పడ్డాయా అని చాలాకాలం ఆలోచించాను. నాకు అర్థమైంది ఇదీ: ఆ కంపెనీ పొరుగింటి మనిషిలా మాట్లాడింది, అవసరం వచ్చినప్పుడల్లా కంపెనీలా నడుచుకుంది. పొరుగింటివాడు మాట తప్పితే వచ్చే కోపం వేరు. కిరాణా కొట్టువాడి మీద అంత కోపం రాదు.

సరే, మొదటిది. కొననివాడికీ కుర్చీ వేయి.

2018 ఏప్రిల్ 12న ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్‌లోకి ఇద్దరు నల్లజాతి యువకులు వచ్చారు. వ్యాపారం మాట్లాడటానికి ఒకాయన రావాల్సి ఉంది, ఆయన కోసం ఎదురుచూపు. ఒకతను బాత్రూమ్ అడిగాడు. కొనలేదు కాబట్టి కుదరదన్నారు. సరేనని వెళ్లి కూర్చున్నారు. కొనకపోతే బయటికి వెళ్లమన్నారు, వాళ్లు కదల్లేదు. దుకాణం మేనేజరు పోలీసులను పిలిచింది. వాళ్లు వచ్చి ఇద్దరికీ బేడీలు వేశారు. రావాల్సిన పెద్దమనిషి వచ్చేసరికి వాళ్లను పట్టుకుపోతున్నారు. అక్కడున్న మరొకరు తీసిన వీడియోను దేశమంతా చూసింది.

ఇందులో అసలు బాధ ఎక్కడుందో చూడు. స్టార్‌బక్స్ తన దుకాణాన్ని "మూడో చోటు" అని చెప్పుకునేది. ఇల్లు ఒకటి, పనిచేసే చోటు రెండు, ఈ రెండూ కాకుండా మనిషి ఊరికే వెళ్లి కూర్చోగలిగే చోటు మూడోది. రే ఓల్డెన్‌బర్గ్ అనే సామాజికశాస్త్రవేత్త 1989లో పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చిన మాట అది. ఊరి అరుగులాంటిది అన్నమాట. అరుగు మీద కూర్చున్నవాడిని డబ్బులిచ్చావా అని అడుగుతారా?

మా హోటల్లో ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ రోజూ పొద్దున ఏడింటికి వచ్చేవాడు. గోడవారగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని మా పేపరే చదివేవాడు. నెలకు మూడు నాలుగు కాఫీలు తాగేవాడేమో. "ఆ కుర్చీలో రోజుకు ఇరవై గ్లాసులు అమ్ముడవుతాయి, లెక్క వేసుకో" అని మా బావగారు సాధించేవారు. లెక్క నిజమే. కానీ ఆయన ఉన్నంతసేపూ ఆ వరస బల్లల దగ్గర ఎవడూ గొంతు పెంచేవాడు కాదు. రైలు తప్పిపోయిన ఆడపిల్లలు ఆయన పక్క బల్లే చూసుకుని కూర్చునేవారు. దాన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు తెలియలేదు. కాబట్టి రాయలేదు, కుర్చీ మాత్రం తీయలేదు.

రెండేళ్ల క్రితం మీ పిన్నీ నేనూ హైదరాబాద్‌లో, పేరెందుకులే, ఒక ఏసీ కాఫీ దుకాణంలో మీ తమ్ముడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఏమీ తీసుకోకపోతే లేవాలన్నాడు అక్కడి కుర్రాడు. మర్యాదగానే అన్నాడు. మూడువందలు పెట్టి ఒక కాఫీ తీసుకున్నాను. అది నా గొంతు దిగలేదు. ముప్పై ఏళ్లు ఎవరినీ లేవమనని మనిషిని, నన్ను లేవమన్నందుకు కాదు ఏడుపు వచ్చింది. ఆ మాట అనడానికి ఆ కుర్రాడు పడ్డ ఇబ్బంది చూసి.

ఫిలడెల్ఫియా తర్వాత స్టార్‌బక్స్ మంచి పనే చేసింది. 2018 మేలో, కొన్నా కొనకపోయినా ఎవరైనా కూర్చోవచ్చు, బాత్రూమ్ వాడుకోవచ్చు అని ప్రకటించింది. ఏడేళ్లు తిరగకుండానే, 2025 జనవరిలో ఉత్తర అమెరికా దుకాణాల్లో ఆ మాట వెనక్కి తీసుకుంది. మళ్లీ కొన్నవాళ్లకే కుర్చీ. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. మత్తుమందులు వాడేవాళ్లు బాత్రూముల్లో చేరడం, పనివాళ్ల మీదికి రావడం జరిగేవి. భద్రత లేదని 2022లోనే 16 దుకాణాలు మూశారు. నా హోటల్లోనూ తాగొచ్చి గల్లా ముందే పడుకునేవాడు ఒకడుండేవాడు. వాడి కోసం మరో మనిషిని పెట్టాను. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి దాకా అతని పని అలాంటివాళ్లను చెయ్యి పట్టుకుని బయటికి నడిపించడం, మజ్జిగ పోయించడం. అతని జీతం నాకు బరువే. మీ కంపెనీకి కాదు. ఒక్కడు ఆగం చేశాడని వందమంది కుర్చీలు తీసెయ్యమంటే ఒప్పుకోకు. ఇంకో మనిషిని పెట్టమని అడుగు, అడుగుతూనే ఉండు.

తొలి వారం ఎవరినీ ఉద్యోగంలోంచి తీయనివ్వకు. ఇది నీకు చాలా కష్టమైన సలహా. టీవీలన్నీ ఒక తల చూపించమని అరుస్తున్నప్పుడు, తల చూపించకుండా ఉండమంటున్నాను. ఫిలడెల్ఫియా గొడవలో ఆ ప్రాంతపు దుకాణాల మీద అధికారిగా ఉన్న తెల్లజాతి ఉద్యోగినిని తీసేశారు. అరెస్టులతో ఆమెకు సంబంధం లేదు. తెల్లజాతిదాన్ని కాబట్టే తీశారని ఆమె కోర్టుకెళ్లింది. 2023 జూన్‌లో న్యూజెర్సీ జూరీ ఆమెకు 2.56 కోట్ల డాలర్లు ఇవ్వమంది. అరెస్టయిన ఇద్దరు కుర్రాళ్లేమో నగరం నుంచి ఒక్కొక్క డాలరు తీసుకుని, కుర్రకారు వ్యాపారాలు పెట్టుకోవడానికి రెండు లక్షల డాలర్ల నిధి ఏర్పాటు చేయించుకున్నారు. కంపెనీతో వాళ్ల ఒప్పందం వేరే ఉందనుకో. ఆ ఒక్కొక్క డాలరు ముందు మిగతా లెక్కలన్నీ నాకు చిన్నవిగా కనిపిస్తాయి.

ఆ మే 29న అమెరికాలోని ఎనిమిదివేలకు పైగా దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసి, దాదాపు లక్షా డెబ్బై అయిదువేల మందికి వివక్ష గురించి పాఠం చెప్పారు. అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేకపోయాను. మా సప్లయర్ కుర్రాళ్లకు ఎంగిలి గ్లాసు వేళ్లు లోపల పెట్టి ఎత్తొద్దని నేర్పడానికి నాకు ఏడాది పట్టింది. పక్కన నిలబడి, రోజూ, కోపగించుకోకుండా చెప్పాలి. మనిషి రంగు చూసి అనుమానించే అలవాటు ఒక మధ్యాహ్నంలో పోతుందా? అలాంటి కార్యక్రమం ప్రకటించమని నీ చేత రాయిస్తే, ఆ డబ్బుతో ప్రతి దుకాణంలోనూ ఏడాదిపాటు వారానికో గంట కూర్చోబెట్టమని చెప్పు. వార్త రాకపోతే పోనీ.

కప్పు మీద నీతి రాయనివ్వకు. మన పాత హోటళ్లలో "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు" అని బోర్డు ఉండేది. మా నాన్న పెట్టిన బోర్డు నేను తీసేశాను. మాట్లాడుకోవడానికే కదా జనం వచ్చేది. కానీ మాట మొదలుపెట్టాల్సింది తాగేవాళ్లు. 2015 మార్చిలో స్టార్‌బక్స్ దీన్ని తిరగేసింది. జాతుల గురించి జనంతో మాట కలపమని చెప్పి, "రేస్ టుగెదర్" అని కప్పుల మీద కాఫీ కలిపేవాళ్ల చేతే రాయించింది. పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తేవాళ్ల వరస, వెనక పాలు పొంగుతూ, ఆ హడావుడిలో గంట జీతానికి పనిచేసే పిల్ల ఆ దేశపు నాలుగొందల ఏళ్ల గాయం గురించి అపరిచితుడితో ఏం మాట్లాడుతుంది? ఎవడైనా కసిరితే పడేది ఆ పిల్లే, సియాటెల్‌లో కూర్చున్న పెద్దలు కాదు. వారం రోజులకే రాయడం ఆపేశారు. షుల్ట్జ్ మనసులో మంచే ఉందని నేను నమ్ముతాను. ఆ మంచిని మోయాల్సిన భుజాలు ఎవరివో ఆయన చూసుకోలేదు.

కప్పు మీద తాగేవాడి పేరు రాయి, అది చాలు. 2023 మేలో మన దేశంలో వాళ్లే తీసిన ప్రకటన చూశావా? తల్లీతండ్రీ ఒక దుకాణంలో కూర్చుని బిడ్డ కోసం చూస్తుంటారు. ఒకప్పటి కొడుకు ఇప్పుడు కూతురై వస్తుంది. తండ్రి వెళ్లి కాఫీ చెప్పి వస్తాడు. కౌంటర్ దగ్గర "అర్పిత" అని పిలుస్తారు. తండ్రి ఆ పేరే చెప్పాడు! బహిష్కరించాలని కొందరు గోలపెట్టారు. నేను మాత్రం మీ పిన్నిని పిలిచి మళ్లీ చూపించాను. కంపెనీ ఏ నీతీ చెప్పలేదు అందులో, ఒక పేరు పిలిచింది. అలాంటిదానికి తిట్లు వస్తే సంజాయిషీ రాయకు. ఒక్క వాక్యం కూడా రాయకు.

ఇక అందరికంటే పెద్ద గొడవ, పనివాళ్లది. ఇక్కడ నా సలహా రెండు ముక్కలు. ఉద్యోగిని ఉద్యోగి అనే పిలువు. సంఘం పెట్టుకుంటామని వస్తే ముందు కుర్చీ జరిపి కూర్చోమను.

స్టార్‌బక్స్‌లో గ్లాసులు తుడిచే కుర్రాడిని కూడా "పార్ట్‌నర్" అంటారు. 1991 నుంచి వాళ్లకు షేర్లు ఇస్తున్నారు కాబట్టి ఆ మాట వట్టి తీపి మాటేమీ కాదు. కానీ భాగస్వామి అన్నాక భాగస్వామి అడిగేవి అడుగుతాడు. 2021 డిసెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో, ఎల్మ్‌వుడ్ అవెన్యూ దుకాణం వాళ్లు 19-8 ఓట్లతో సంఘం కావాలన్నారు. అమెరికాలో కంపెనీ సొంతంగా నడిపే దుకాణాలకు సంబంధించి ఈ ఉద్యమంలో అదే మొదటి గెలుపు. మూడేళ్లలో అది అయిదువందలకు పైగా దుకాణాలకు పాకింది. అప్పుడు కంపెనీ ఏం చేసింది? బఫెలోలో కార్మిక చట్టాన్ని వందలసార్లు ఉల్లంఘించిందని 2023 మార్చిలో కార్మిక బోర్డు న్యాయాధికారి తీర్పిచ్చాడు. ఆ నెలాఖరునే షుల్ట్జ్ అమెరికా సెనేట్ కమిటీ ముందు, బెర్నీ శాండర్స్ ఎదుట కూర్చుని, మేం చట్టం తప్పలేదన్నాడు. మెంఫిస్‌లో సంఘం పెట్టబోయిన ఏడుగురిని తీసేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూన్‌లో అక్కడ కంపెనీ వాదనే నెగ్గింది. చట్టం ఒకచోట ఇటు, ఒకచోట అటు. నేను చెప్పేది చట్టం సంగతి కాదు.

2022 అక్టోబర్‌లో జరిగిన ఒక సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. చర్చలకని దుకాణాల పనివాళ్లు వచ్చారు. కొందరు జూమ్‌లో చేరారు. తెర మీద వాళ్లుంటే మేం కూర్చోమని కంపెనీ ప్రతినిధులు నిమిషాల్లోనే లేచి వెళ్లిపోయారు. చాలాచోట్ల ఇదే జరిగింది. ప్రపంచానికి కుర్చీ వేస్తామన్నవాళ్లు సొంత మనుషుల ఎదుట కుర్చీలోంచి లేచిపోయారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ మాట్లాడుకుందామని రెండువైపులా ఒప్పుకున్నాయి, మంచిదే. కానీ 2025 నవంబర్‌లో, ఎర్ర కప్పులు ఊరికే ఇచ్చే రోజున, ఇంకా తొలి ఒప్పందం రాలేదని పనివాళ్లు సమ్మెకు దిగారు. నాలుగేళ్లు! మా హోటల్లో సప్లయర్లు ఆదివారం సెలవు కావాలని ఒకసారి పని ఆపారు. మర్నాడు పొద్దున ఆరింటికి అందరికీ నేనే కాఫీ కలిపి, బల్ల చుట్టూ కూర్చున్నాం. వంతులవారీ సెలవు ఇచ్చాను. అమ్మకం తగ్గింది. నువ్వు రాసే ఏ జవాబులోనూ "మేమంతా ఒక కుటుంబం" అనే మాట రానివ్వకు. కుటుంబంలో నాలుగేళ్లు ఒక మాట మీదికి రాకపోతే ఊరు ఏమనుకుంటుందో నీకు తెలుసు.

నష్టమని రాసిన ఊళ్లో దుకాణం మూయమని చెప్పు. మీ లెక్కలవాళ్లు దీనికి నిన్ను గది బయటికి పంపిస్తారు. బ్రిటన్ సంగతి చదివించు వాళ్ల చేత. 2012 అక్టోబర్‌లో రాయిటర్స్ బయటపెట్టిన లెక్క ప్రకారం, 1998 నుంచి అక్కడ 300 కోట్ల పౌండ్లకు పైగా అమ్మకాలు చేసిన స్టార్‌బక్స్ కట్టిన కార్పొరేషన్ పన్ను 86 లక్షల పౌండ్లు. దాదాపు ఏటా నష్టమే చూపించారు. పేరు వాడుకుంటున్నందుకు నెదర్లాండ్స్‌లోని సొంత సంస్థకు రాయల్టీ, గింజలు స్విట్జర్లాండ్‌లోని సొంత సంస్థ ద్వారా కొనడం, సొంతవాళ్ల దగ్గరే అప్పు, దానికి వడ్డీ. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి డబ్బు పోతుంటే కుడి జేబు ఖాళీగానే కనబడుతుంది. మరోవైపు వాటాదారులతో మాట్లాడేటప్పుడు బ్రిటన్ వ్యాపారం బాగుందని చెబుతూ వచ్చారు. ఆ నవంబర్‌లో పార్లమెంటు కమిటీ అధ్యక్షురాలు మార్గరెట్ హాడ్జ్ ముందు కంపెనీ అధికారికి చెమటలు పట్టాయి.

డిసెంబర్‌లో, రాబోయే రెండేళ్లలో రెండు కోట్ల పౌండ్లు పన్నుగా కడతామన్నారు. జనం చల్లబడలేదు, ఇంకా మండిపడ్డారు. దుకాణాల్లోకి వచ్చి బైఠాయించారు. ఎందుకో ఆలోచించు. పన్నును చందాలా ఇస్తామన్నారు కాబట్టి. దేవుడి కల్యాణానికి చందా మన ఇష్టం. కుళాయి పన్ను మన ఇష్టమా? నెదర్లాండ్స్ పన్ను ఏర్పాటు అక్రమ సాయమని 2015లో యూరోపియన్ కమిషన్ అన్నా, 2019లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం దగ్గర కంపెనీ గెలిచినట్టే. అయినా లండన్‌లో ఆ పాత తిట్టు ఇంకా వినబడుతూనే ఉంటుంది. "మేం చట్టప్రకారమే నడుచుకున్నాం" అనే వాక్యం నువ్వు రాయాల్సి వచ్చిన రోజున, రాసే ముందు లేచి వెళ్లి ఆ ఊరి లెక్కల పుస్తకం అడుగు. నిజంగా నష్టమైతే పదిహేనేళ్లు ఎందుకు తెరిచి ఉంచారో చెప్పమను. చెప్పలేకపోతే ఆ వాక్యం రాయకు.

ఊరి పేరు అమ్ముకుంటే ఊరితో ఒప్పందం రాసుకోమను. ఇథియోపియా 2005లో తన కాఫీ పండే చోట్ల పేర్లను, సిదామో, హరర్, యిర్గచెఫె, అమెరికాలో ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయమని అడిగింది. సిదామో అనే మాట ఉన్న ఒక పేరుకు స్టార్‌బక్స్ అంతకుముందే దరఖాస్తు పెట్టుకుని ఉంది. అమెరికా కాఫీ వ్యాపారుల సంఘం అడ్డం పడింది. ట్రేడ్‌మార్కు వద్దు, ప్రాంతీయ గుర్తింపు చేయించుకోండని కంపెనీ సలహా ఇచ్చింది. కాఫీ పుట్టిన దేశానికి కాఫీ పేరు గురించి సలహా! ఆక్స్‌ఫామ్ ఊరూరా ప్రచారం చేశాక, 2007 జూన్‌లో ఆ పేర్లు ఇథియోపియావేనని ఒప్పుకుంటూ సంతకం చేశారు. రాయల్టీ కట్టక్కర్లేని ఒప్పందమే, అయినా సంతకం సంతకమే. రెండేళ్ల ముందు చేసి ఉంటే పెద్ద మనసని లోకం పొగిడేది.

ఇది మనకు దూరపు కథ కాదు. అరకు, పాడేరు కొండల మీద గిరిజనులు పండించే కాఫీకి "అరకు వ్యాలీ అరబికా" పేరున 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. నీ కంపెనీ ఎప్పుడైనా ఆ పేరు కప్పు మీద వేస్తే, గింజ కోసిన ఇంటికి కిలోకు ఎంత ముట్టిందో అదే కప్పు మీద, ధర పక్కన వేయమని అడుగు. ఎవరూ చేయలేదంటారు. నువ్వు మొదలుపెట్టు.

చిన్నవాటిని చిన్నవని తోసెయ్యకు. 2008లో బ్రిటన్‌లోని సన్ పత్రిక ఒక సంగతి రాసింది. చెంచాలు కడిగే తొట్టిలో క్రిములు చేరకుండా స్టార్‌బక్స్ దుకాణాల్లో కుళాయి రోజంతా విప్పే ఉంచుతారట. ప్రపంచమంతా కలిపితే రోజుకు 2.3 కోట్ల లీటర్లకు పైగా పోతున్నాయని వాళ్ల లెక్క. శుభ్రత కోసమేనని కంపెనీ చెప్పింది. నిజమే చెప్పింది. తెనాలిలో బిందె పట్టుకుని వరసలో నిలబడిన మనిషికి ఆ నిజం ఎక్కుతుందా? తర్వాత కుళాయిలు మార్చారు. 2012లో ఒక స్ట్రాబెరీ పానీయానికి ఎర్ర రంగు ఎండబెట్టిన పురుగుల నుంచి వస్తోందని తెలిసి శాకాహారులు గగ్గోలు పెట్టారు. కొన్ని వారాల్లోనే టమాటా రంగుకు మారతామని ప్రకటించారు. ఇలాంటివి పత్రికవాళ్లకంటే ముందు నువ్వే వెతికి బయటపెట్టు. వంటగదిలోకి వెళ్లి ప్రతి సీసా వెనక ఏం రాసి ఉందో చదువు. దుకాణం పెట్టే చోటు కూడా చిన్న సంగతి కాదు. బీజింగ్ రాజప్రాసాదంలో, ఫర్‌బిడెన్ సిటీలో, 2000లో తెరిచిన దుకాణం జనం నిరసనతో 2007లో మూసుకోవాల్సి వచ్చింది. కాబట్టి గుడి ప్రాకారంలోపల బ్రాంచీ పెడదామని ఎవరైనా అంటే అద్దె ఎంతని కూడా అడగకు.

కోర్టుకు వెళ్లే ముందు ఫోన్ చేయమను. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలైన రోజుల్లో పనివాళ్ల సంఘం పాలస్తీనాకు మద్దతుగా ఒక మాట పెట్టింది, తర్వాత తీసేసింది. తన పేరూ గుర్తూ పోలినవి వాడుకుంటున్నారని కంపెనీ సంఘం మీద కేసు వేసింది. సంఘం తిరిగి కేసు వేసింది. తీసేసిన ఆ ఒక్క మాట ప్రపంచమంతా చేరింది. ఒకవైపు ఇజ్రాయెల్‌ను సమర్థించేవాళ్ల కోపం, మరోవైపు పాలస్తీనా పక్షం వాళ్ల బహిష్కరణ. ఇజ్రాయెల్‌లో స్టార్‌బక్స్‌కు 2003 నుంచి ఒక్క దుకాణం కూడా లేదు. అది ఎంత చెప్పినా వినేవాళ్లు లేరు. పశ్చిమాసియాలో ఆ దుకాణాలు నడిపే కువైట్ సంస్థ అల్‌షాయా 2024 మార్చిలో రెండువేల మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. యుద్ధంతో గానీ, అమెరికా కోర్టుతో గానీ వాళ్లకేం సంబంధం?

బహిష్కరించేవాళ్లకు తప్పుడు సమాచారం అందిందని నువ్వు రాయకు. పిల్లలు చచ్చిపోతుంటే చూడలేక కాఫీ మానేసిన మనిషి దగ్గర నీ వివరాలు నిలబడవు. కాఫీ మానడం ఒక్కటే ఆ మనిషి చేతిలో ఉన్న పని. ఉద్యోగాలు పోయినవాళ్లకు కంపెనీ ఎంత ఇచ్చిందో మాత్రం రాయి. ఏమీ ఇవ్వకపోతే, ఇవ్వమని లోపల పోట్లాడు.

పైవాడిని గల్లా మీద కూర్చోబెట్టు. 2023లో స్టార్‌బక్స్ పగ్గాలు పట్టిన మన పుణె మనిషి లక్ష్మణ్ నరసింహన్ కాఫీ కలపడం నేర్చుకుని, నెలకు ఒక పూట దుకాణంలో పనిచేస్తానన్నాడు. నాకు ఎంతో నచ్చాడు. ఏడాదిన్నర తిరగకుండానే, 2024 ఆగస్టులో అమ్మకాలు పడిపోయాయని పంపించేశారు. తర్వాత వచ్చిన బ్రయాన్ నికోల్ కాలిఫోర్నియాలో ఇల్లు ఉంచుకుని సుమారు 1,600 కిలోమీటర్లు కంపెనీ విమానంలో సియాటెల్‌కు వచ్చే ఏర్పాటు చేసుకున్నాడు. 2024 ఆర్థిక సంవత్సరానికి దాదాపు 9.6 కోట్ల డాలర్ల ప్యాకేజీ, చాలావరకు షేర్లే అనుకో. పర్యావరణం కోసమని అంతకుముందే ప్లాస్టిక్ స్ట్రాలు తీసేసిన కంపెనీ అది. జనం స్ట్రా పక్కన విమానం పెట్టి చూపించారు. ఆయన వచ్చాక పాలకు బదులు సోయా, ఓట్ వేసుకునేవాళ్ల దగ్గర అదనంగా తీసుకునే డబ్బు ఎత్తేశారు. అది మంచి పని, ఒప్పుకుంటాను. విమానం మీద నువ్వు ఒక్క వాక్యం కూడా సమర్థించి రాయలేవు. రాయమంటే ఏ ఊళ్లో ఆఫీసు ఉందో ఆ ఊళ్లో కాపురం పెట్టమని మీ పెద్దలకు చెప్పు.

ఇవన్నీ ఒక్కసారి చేయమనడం లేదు తల్లీ. సోమవారం ఆఫీసుకు వెళ్లకుండా మీ ఆఫీసు కిందే ఉన్న బ్రాంచీకి పొద్దున ఏడింటికి వెళ్లు. తలుపు పక్కన ఉన్న కుర్చీ చూసుకుని కూర్చో. ఏమీ కొనకు. ఎవరు ఎంతసేపటికి వచ్చి నిన్ను లేవమంటారో, ఏ మాటతో అంటారో, అన్నవాళ్ల మొహం ఎలా ఉందో కాగితం మీద రాసి నాకు పంపు. ఆ మర్నాడు మీ డ్రైవర్‌ను యూనిఫాం లేకుండా అదే కుర్చీలో కూర్చోమను. ఆ కాగితం కూడా పంపు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను, తర్వాత ఫోన్ చేస్తాను.

మీ పిన్ని నీకు డికాషన్ ఫిల్టర్ పంపిస్తోంది. రెండు స్పూన్ల పొడి వేసి, పైన నొక్కేసి, మరిగే నీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఆగు. మధ్యలో మూత తీయకు.

నీ బాబాయి